పలుకు

అన్నం వేరే గిన్నెలో వండాలి.
మా అమ్మ ఎర్మెలిండా పెట్టిన మొదటి షరతు ఇది.

వియానా రేవులో, లీమా నది సముద్రంలో కలిసేచోట
మూడో అంతస్తులో మా వంటిల్లు.
కిటికీ తెరిస్తే ఉప్పుగాలి,
మూస్తే కోడి ఉడికే వాసన.

గుడ్లు మానేసిన ముసలికోడి
పొద్దున్నుంచీ సన్నని సెగ మీద
తన ఎముకల్ని ఒక్కొక్కటే ఒప్పుకుంటూ ఉంటుంది.
తోడుగా ఉల్లిపాయ, క్యారెట్, చివర్లో ఒక పుదీనా రెమ్మ.
దాన్ని మేం కాంజ అంటాం.
ఆ పేరు ఏనాడో ఏ ఓడో మోసుకొచ్చిందట
ఎవరి గంజికుండలోంచో.
అమ్మ అదెప్పుడూ అడగలేదు.
మెతుకు ఉడికిందా లేదా,
అంతవరకే ఆమె ప్రశ్న.

బియ్యం మాత్రం ఆ కుండలోకి పోవు.
అంచు పెచ్చులూడిన నీలం గిన్నెలో
నిండుగా నీళ్ళు, మూడువేళ్ళకు అందినంత ఉప్పు,
ఎసరు మరిగాక పొట్టి కరొలీనో బియ్యం.
పదకొండో నిమిషంలో ఒక మెతుకు తీసి
వేళ్ళ మధ్య నొక్కి చూస్తుంది.
నడుమ ఇంకా తెల్లటి చుక్క కనపడాలి.
ఆ పలుకు మీదే దించేయాలి.
గంజి వార్చి, చన్నీళ్ళు పోసి,
నాలుగు చుక్కల ఆలివ్ నూనె పట్టించి
పళ్ళెంలో పలచగా పరిచి గుడ్డ కప్పుతుంది,
పని మధ్యలో లేచిన వడ్రంగి
పనిముట్ల మీద కప్పినట్టు.

"కలిపి వండితే ఏమవుతుంది?"
చిన్నప్పుడు అడిగాను.
"తాగేస్తుంది" అంది.
"ఎవరు?"
"అన్నం. దానికి సిగ్గుండదు.
కూర్చోబెడితే కుండంతా తాగేస్తుంది.
గంట పోయాక చూడు, చారూ ఉండదు, అన్నమూ ఉండదు."
"మరేముంటుంది?"
"మీ మేనత్త ఇంట్లో పెట్టేది."

మా నాన్న ఆదెలీను రేవు పైలట్.
పెద్ద ఓడల పక్కన వేలాడే తాళ్ళనిచ్చెన ఎక్కి
వాటిని నదిలోకి నడిపించుకొచ్చేవాడు.
ఓడలకు మా భోజనాల వేళ తెలియదు.
పొగమంచు విడితే రాత్రి ఏడు,
విడకపోతే తెల్లవారుజాము మూడు.
మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడగానే
అమ్మ చారు కింద మంట పెంచేది.
లోతు పళ్ళెంలో రెండు గరిటెల అన్నం,
దాని మీద సలసలా కాగే చారు.
అరనిమిషం. అంతలో మెతుకు మేలుకునేది,
నాన్న నోటిదాకా వెళ్ళేసరికి
సరిగ్గా ఉడికేది.

నాన్నకు పలుకు తక్కువ.
పళ్ళెం అడుగు కనపడేదాకా తిని
"మంచు" అనేవాడు,
లేదా "గ్రీకు ఓడ".
ఇక పడకే.

మొన్న ఏప్రిల్లో రిటైరయ్యాడు.
రేవువాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చారు.
ఇప్పుడు ఎనిమిది కొట్టకముందే
బల్ల దగ్గర కూర్చుంటున్నాడు.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి
నీలం గిన్నె బోర్లించి ఉంది.
నా కళ్ళెదుటే అమ్మ బియ్యాన్ని
నేరుగా కోడి కుండలో పోసింది.
"ఇంకెవరి కోసం ఆపాలి?
అందరం ఇక్కడే ఉన్నాంగా."

చారు చిక్కబడింది.
మెతుకు లోపలిదాకా కోడి రుచి దిగింది.
నిజం చెప్పొద్దూ, బాగుంది.
ఎప్పటికంటే బాగుంది.

నాన్న రెండు చెంచాలు తిని ఆగాడు.
పళ్ళెంలోకి చూశాడు,
చేతిలోని తాడు నీళ్ళలోకి జారిపోయినట్టు.
"లిండా," అన్నాడు,
"ఇందులో పలుకు లేదు."

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.
నలభై ఒక్క ఏళ్ళుగా ఆయన గమనిస్తున్నాడని
ఆమెకు తెలియదు.

ఆ తర్వాత ఆయన ఆగలేదు.
తాడు పట్టిన వేళ్ళు ఇంకా తిమ్మిరిగా ఉండగానే
పంటి కింద ఆ చిన్న గట్టిదనం తగిలేదట.
అప్పుడుగానీ ఒడ్డుకు చేరానని
నమ్మకం కుదిరేది కాదట.
ఒకసారి జనవరిలో నిచ్చెన తెగిందట,
మాకెవరికీ చెప్పలేదట.
ఒకసారి ఓ కెప్టెన్ ఏడ్చాడట.

మేం వింటూ కూర్చున్నాం.
కుండలో అన్నం
చారంతా తాగేస్తోంది.
ఎవరూ లేవలేదు.