బొగ్గు బండి పోయినంక

ముప్పై ఒక్క ఏండ్ల సంది
ఏ ఠాణాల రైటరుగ కూసున్నా
ఎవరి ఏడుపు ఏ నంబరో
మనిషి మెట్లెక్కుతుండంగనే చెప్పేటోణ్ణి.
చెప్పుల చప్పుడు తడబడితే మూడొందల డెబ్బై తొమ్మిది.
కొంగు నోట్ల కుక్కుకుంటే నాలుగొందల తొంభై ఎనిమిది ఏ.
ఏ చప్పుడూ లేకుండ వచ్చి
గోడకు ఆనుకొని నిలబడితే
మూడొందల రెండు.

జూన్ ముప్పై రాత్రి పన్నెండు కొట్టంగనే
నా ఎక్కాలన్నీ తప్పయినయి.

అంతకు ముందు హన్మకొండల ట్రైనింగ్ ఇచ్చిన్రు.
తెర మీద ఎర్ర బాణాలు,
పాత ఇంటి నంబరు నుంచి కొత్త ఇంటి నంబరుకు.
దొంగతనం మూడొందల మూడుకు మారింది.
హత్య నూట మూడుకు దిగింది.
అది ఖాళీ చేసిన మూడొందల రెండుల
మతాన్ని నొప్పించే మాట కాపురం బెట్టింది.
నాలుగొందల ఇరవైకే ఇల్లు దొరకలే,
కొత్త పుస్తకం మూడొందల యాభై ఎనిమిది కాడనే ఒడిసింది.
"అయితే మా బామ్మర్దిని ఇగ ఏమని తిట్టాలె సార్?"
హెడ్డు కొమురెల్లి లేచి అడిగిండు.
అందరం నవ్వినం.
ఆ నవ్వుకు రిజిస్టర్ల కాలం లేదు.

నెక్కొండ ఠాణా. పొద్దింకా పొడవలే.
భూక్యా దేవ్లి వచ్చింది,
చేతిల జానెడు తెగిన తీగ.
బోరు మోటరు పలగ్గొట్టి
రాగంత ఎత్తుకపోయిన్రట.
"ఎప్పుడు?"
"రాత్రి."
"పన్నెండుకు ముందా, తర్వాతా?"
బర్రె రంగు అడిగి పాల రేటు కట్టేటోణ్ణి చూసినట్టు
నా మొకం చూసింది.
"బొగ్గు బండి పోయినంక కుక్క మొరిగింది సారూ.
బొగ్గు బండికి టైమెక్కడిది?"

ముందైతే తెల్లదొర పుస్తకం,
తర్వాతైతే మనది.
రైల్వే స్టేషన్‌కు ఫోన్ జేసిన.
ఒక గూడ్సు పదకొండు యాభై రెండుకు పోయిందట,
ఇంకోటి పన్నెండు పద్దెనిమిదికి.
రెండిట్లనూ బొగ్గే.

తెల్లదొర పుస్తకమంటే యాదికొచ్చింది.
మా తాత నిజాం జమానల మస్కూరి.
ఆయన భయపడ్డది తాజీరాతుకు.
ఇంగ్లీషోడు రాసిన చట్టం మా దిక్కుకు
ఇంగ్లీషోడు పోయిన నాలుగేండ్లకు గని రాలే.
పుస్తకం మారిన దినం
తాత అమీను గుర్రానికి ఎప్పటిలెక్కనే గడ్డేసిండట.
దఫా, పంచనామా, జమానతు, ఫిర్యాది,
ఆ మాటలు ఏ బాణానికీ దొరకకుండ
ఇయ్యాల్టికీ నా కలం కిందనే ఉన్నయి.

"ఏ పుస్తకమైతేంది, రాయి సారూ.
నారుమడి తడి ఆరుతాంది."

మల్లోపాలి అడిగిన, కుక్క ఎన్నిసార్లు మొరిగిందని.
పెద్ద బండి పోయినంక ఇంకో బండి రాలేదంది.
అయితే రెండోదే.
చెయ్యి అలవాటుగ మూడు ఏడు తొమ్మిది గీసింది.
కొట్టేసిన.
పక్కన మూడు సున్న మూడు.
కొట్టివేత కాడ చిన్న సంతకం.

కొత్త చట్టంల ఒక మాట ఉన్నది:
తొంభై రోజులల్ల
కేసు ఎంతవట్టుకు వచ్చిందో
ఫిర్యాదికి మనమే చెప్పాలె.
ట్రైనింగుల దీని మీద ఎవరూ నవ్వలే,
ఎవరూ రాసుకోలే గూడ.
ముప్పై ఒక్క ఏండ్లల్ల
నా అంతట నేనై ఏ ఫిర్యాదికీ ఫోన్ జెయ్యలే.
వాళ్లే వచ్చేటోళ్లు, చెట్టు కింద కూసుండేటోళ్లు,
బస్సు టైమయితే లేచిపోయేటోళ్లు.

దేవ్లి నంబరు రెండుసార్లు చదివించుకున్న.
తొమ్మిది అంకెలే చెప్పింది,
పదోది బిడ్డనడిగి చెప్పింది.

ఆగస్టు ఆఖరుకు నా రిటైర్మెంటు.
అయినా ఇంటికాడి క్యాలెండర్ల
సెప్టెంబరు ఇరవై తొమ్మిది చుట్టూ
సున్న చుట్టిన.
"ఎవలి పెండ్లి?" అన్నది మా ఇంటామె.