గంటన్నర

గ్రీమ్స్‌పేటలో దస్తావేజులు రాసే దొరసామి మొదలి
మేడమీద గది నాది.
కింద స్టాంపు కాగితాల వాసన,
పైన ల్యాప్‌టాప్ వేడి.
ఎక్కడో ఆమ్‌స్టర్‌డామ్ గోదాముల్లో
పూలకుండీలు ఎన్ని మిగిలాయో
రోజూ ఇక్కణ్ణుంచి లెక్కగడతాను.
ఇంతవరకూ ఒక్క కుండీని ముట్టుకున్నది లేదు.

మార్చిలో కంపెనీ అంది:
ఏ దేశంలోనైనా కూర్చో, నీ ఇష్టం,
మా గడియారంతో నాలుగ్గంటలు కలిస్తే చాలు.

నీ ఇష్టం అన్న మాట
అంతవరకూ నాతో ఎవరూ అన్లేదు,
చీర కొనేటప్పుడు కూడా.

ఆ రాత్రి నుంచీ రాజధానుల్ని ఏరుతున్నాను,
మండీలో మామిడికాయల్ని బొటనవేలితో నొక్కి చూసినట్టు.
హనోయిలో బాడుగ తక్కువే,
పని ముగిసేసరికి ఊరంతా పడుకుంటుంది.
లిస్బన్‌కు సముద్రముంది,
నా జీతానికి సముద్రం కనబడే కిటికీ లేదు.
కౌలాలంపూర్‌లో ఇడ్లీ దొరుకుతుంది.
ఇడ్లీ దొరికేచోట మా చిత్తూరోళ్ళూ దొరుకుతారు,
ఎవరమ్మాయివి అని అడుగుతారు.
టిబిలిసి...
పేరు పలకబోతే నాలుక జారి పళ్ళమీద పడింది.
అక్షరాలు మాత్రం గుండ్రంగా,
మన అక్షరాలకు పెద్దమ్మ కూతుళ్ళలాగ.
ఒక్కటీ చదవలేను,
అన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి.

పదో తరగతి సర్టిఫికెట్లో కోమలవల్లి,
పాస్‌పోర్టులో కోమలవేణి.
ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం కావాలి.
కిందికి దిగాను.

మొదలి కళ్ళద్దాలు తుడుచుకుని
"యాడికిమే?" అన్నాడు.
"టిబిలిసి. జార్జియా రాజధాని."
"రాజధానా!" అని నవ్వాడు.
కలం మూత పెట్టేశాడంటే కథ ఉందని అర్థం.

"మా తాతకు మద్రాసు మే.
పొద్దున రైలెక్కితే
సంతకంతో రాత్రికి ఇంట్లో.
మా నాయనకు కర్నూలు, మూడేండ్లే.
గుడారంలో గుమాస్తా, గుడారం బయట మా నాయన.
గాలికి ఫైలు ఎగిరిపోయింది,
పొలం కేసు ఇంకా తేల్లా.
నాకు హైదరాబాదు.
వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో
రేకుపెట్టె మీద కూర్చొని తెల్లార్లూ.
ఇప్పుడు అమరావతి. నేను చూడనే లేదు,
సంతకం ఆన్‌లైన్లో వస్తుంది.
నీ మాదిరే మే,
రాజధాని కూడా ఇంటినుంచే పని చేస్తా ఉండాది.

ఇన్ని మారినాయి,
ఈ బల్ల జానెడు కదల్లా.
మేం ఒక్కదాన్నీ ఏరుకోలా,
అవే వచ్చినాయి, అవే పోయినాయి.
నువ్వు ఏరుకుంటా ఉండావు. సరే,
ఆడ ఏం పని?"

"ఇదే పని."
"ఇదే కంప్యూటరా?"
"ఇదే."
"మరి ఎందుకుమే?"

చెప్పడానికి చాలానే ఉన్నాయి.
రాత్రి పని ముగిశాక
ఊరికే నడవడానికి ఒక వీధి కావాలని,
ఆ వీధిలో నన్ను చూసి
ఎవరూ గడియారం చూసుకోకూడదని,
నా పేరు తప్పుగా పలికేవాళ్ళ మధ్య
కొన్నాళ్ళు తేలిగ్గా ఉండాలని.
ఏదీ దస్తావేజు భాషలోకి రాలేదు.
"అక్కడైతే
గంటన్నర ముందే పని అయిపోతుంది" అన్నాను.

గంటన్నర.
ఆయన ఆ మాటను నాణెంలా
గోటితో మీటి చూశాడు.
గంటన్నరంటే తిరుపతి బస్సు.
కిటికీ పక్క సీటు,
పూతలపట్టు దాటి చంద్రగిరి కోట కనబడేదాకా
ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని దారి.
అంత దారి, రోజూ,
నాకొక్కదానికే.

ఆయన మళ్ళీ కలం మూత తీశాడు.
"శాశ్వత చిరునామా?"
తడుముకున్నాను. నాది బాడుగ గది.
నా మొహం చూసి తనే రాసుకుపోయాడు:
కేరాఫ్ దొరసామి మొదలి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు.
తర్వాత, గుర్తుండాలని కాబోలు,
క్యాలెండరు వెనక
టిబిలిసిని మూడు రకాలుగా రాసి
రెండు కొట్టేశాడు.
మిగిలింది తప్పు.
నేను దిద్దలేదు.

పన్నెండున్నర అయింది.
పైన కుండీలు లెక్కకు ఎదురుచూస్తున్నాయి.