చేయి మారే చోటు

సాల్మీ రోడ్డు, నలభై మూడో కిలోమీటరు.
వ్యాను వెనక సీట్లో నేను,
అద్దానికి అతికించిన నాలుగు ఫోన్లు,
ఒళ్లో కాలుతున్న లాప్‌టాప్,
కాళ్ల దగ్గర పొద్దుటి ఖుబ్బూస్ పొట్లం.
ఇటు పదిసార్లు పోయాం, అటు పదిసార్లు వచ్చాం.
ఒక్క కాలూ తెగలేదు.
ఇసుక మమ్మల్ని చూసీ చూసీ
అటు తిరిగి పడుకుంది.

ఫిర్యాదు కాగితంలో ఉన్నది ఒకే వాక్యం:
గురువారం గురువారం, గుడారాల దారిలో,
మాట మధ్యలో.

చలికాలం వస్తే కువైటీలు ఎడారికి కాపురం మారుస్తారు.
జీఎంసీ బండి చివరి వరసలో
దుప్పట్లకీ బొగ్గు సంచికీ నడుమ
పనిమనిషి కూర్చుంటుంది.
ఎనభైలో కూర్చోదు కదా!
అప్పుడు తట్టింది నాకు.
"ఖాన్ భాయ్, వాళ్లు తోలినట్టు తోలు."
గుల్ జమాన్ మీసం కింద నవ్వాడు:
"కెమెరా కొడితే నీ జీతంలోంచి."

నూట నలభై.
తెర మీద పాత టవరు గీత వాలిపోతోంది,
కొత్త టవరు గీత లేస్తోంది,
రెండూ కోసుకున్నాయి. అయినా ఫోను
పాతదాన్నే పట్టుకుని వేలాడుతోంది,
ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం.
ఆరువందల నలభై మిల్లీసెకన్లు చూడమని
ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు దానికి.
అంతలో బండి పాతిక మీటర్లు పోయింది,
దిబ్బ అడ్డొచ్చింది,
వెళ్లిపొమ్మనే మాట కూడా వినపడనంత దూరమైంది పాత టవరు.
నాలుగు ఫోన్లూ ఒక్కసారే మూగబోయాయి.
నేను చప్పట్లు కొట్టాను.
తెగినందుకు చప్పట్లు కొట్టే ఉద్యోగం నాది.

డిప్లొమా చదివేటప్పుడు ఎండాకాలం
మెట్‌పల్లిలో స్లాబుల కాడ తట్టలందించేవాణ్ణి.
నిచ్చెన మీద ఆరో మెట్టు నాది.
సాంబయ్య మేస్త్రి పైనించి అరిచేవాడు:
"అవుతలోడు పట్టినంకనే ఇడువుర!
పట్టినంక సుత పట్టుకోని నిలవడకు,
మాలు గడ్డకడ్తది!"
నేను చదివిన హ్యాండోవరు పుస్తకాలన్నీ
ఆ రెండు కేకల్లో పడతాయి.

రాత్రి ఆఫీసులో
ఆరువందల నలభైని నూట అరవై చేశాను.
తేడా ఒక డెసిబెల్ తగ్గించాను.
మరీ తగ్గిస్తే ఫోను రెండు టవర్ల మధ్య
గోలీ ఆట మొదలుపెడుతుంది,
అదో రకం తెగులు.
అటువైపు టవరుకి ఈ టవరు పేరే తెలియదని
అప్పుడు చూశాను,
పొరుగువాళ్ల జాబితాలో ఎక్కించలేదెవరూ.
పదకొండు కిలోమీటర్ల దూరాన
ఎర్రదీపాలు వెలిగించుకుని
మూడేళ్లుగా ఒకదాన్నొకటి చూస్తూనే ఉన్నాయి.

శనివారం, కాగితం మూసేముందు
ఫిర్యాదు చేసిన నంబరుకి కాల్ చేశాను.
నా అరబ్బీ రెండు ముక్కలకే ఎండిపోయింది.
అవతల చిన్నగా: "తెలుగోళ్లా నాయనా?"

ఈశ్వరమ్మ. రాజంపేట పక్కన. హవల్లీలో పని.
జీఎంసీలో వెనక కూర్చునేది అక్క పెంచలమ్మ.
గుడారం చేరగానే మామా ఫోను తీసిపెట్టుకుంటుందట.
ఆ దారి మీద అరగంటే ఇద్దరికీ.
కఫీలు మారడానికి రిలీజు అడిగి
అక్కకి ఇది ఏడో నెల.
"కాయితం మీద బాబా..." అనేకాడికి
వారం వారం తెగిపోతా ఉండె సామీ.

మొన్న?

"మొన్న తెగల్యా. మీకు పున్నెముంటాది.
ముక్క పోకుండా ఇనపడింది."
కాసేపు వాళ్లింట్లో వాషింగ్ మెషీను తిరుగుతున్న చప్పుడు.
"సంతకం ఎయ్యనన్న్యాడంట."

అంతరాయం ఇప్పుడు నలభై ఎనిమిది మిల్లీసెకన్లు.
రెప్ప పడేలోపు రెండుసార్లు చేయి మారొచ్చు.
పరిష్కారమైంది, అని నొక్కాలి.
గుల్ జమాన్ కింద హారన్ కొడుతున్నాడు,
వఫ్రా పొలాల వైపు ఇంకెవరిదో
మాట తెగుతోందట.