ఖాళీ గీత మీద

మార్చి నెల. కౌంటీ కోర్టు నేలమాళిగ.
హీటరు ఒక మూలే పనిచేస్తోంది.
దాని పక్క కుర్చీ ఎవరికన్న విషయమ్మీద
పొద్దున్నే ఒక చిన్న ఎన్నిక జరిగింది, ఏకగ్రీవం:
ఐరిస్‌కి. ఆవిడకి ఎనభై రెండు.

పాత సభ్యుడు నవంబరులో పోయాడు.
మిగిలిన పదినెలల పదవికి ఈ ఉప ఎన్నిక.
ఇరవై ఆరువేల ఓట్లు.
మొదటి లెక్కలో తేడా ఇరవై తొమ్మిది,
రెండో లెక్కలో ఇరవై ఏడు.
ఇప్పుడు చేత్తో, కాగితం తర్వాత కాగితం,
వేళ్లకి రబ్బరు తొడుగులేసుకుని
బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుతున్నాం.

మా దగ్గర పార్టీ ఇంటిపేరులాంటిది.
పుట్టగానే వస్తుంది, సమాధిరాయి దాకా తోడుంటుంది.
గాజు ఫ్యాక్టరీ వీధులది ఒకటి,
కొండమీది పాడి రైతులది ఇంకోటి.
ఫ్యాక్టరీ మూసి పందొమ్మిదేళ్లు. ఆవులు వేలంలో పోయాయి.
పార్టీలు మాత్రం ఎవరి గుమ్మంలో వాళ్లకి
పాతబడని పెయింటుతో నిలబడే ఉన్నాయి.

నేనేమీ తక్కువ తినలేదు.
మంగళవారం బూత్‌లో పెన్ను తీశాను, ఆలోచిద్దామనే.
ఆలోచన మొదలయ్యేలోపే
నా చెయ్యి ఆ గుండ్రం నింపేసింది,
చీకట్లో సొంతింటి తాళం తీసినట్టు.

స్టిల్‌వెల్ వాగు వంతెన మూసి మూడేళ్లు.
అవతల బడి కనిపిస్తుంది, గంట వినిపిస్తుంది,
చేరాలంటే పదకొండు మైళ్ల చుట్టు.
బస్సు నడిపే ఓరిన్ పెట్రిక్‌కి
ఏ పిల్లకి ఏ మలుపులో వాంతొస్తుందో తెలుసు.
అంబులెన్సుదీ ఆ చుట్టే.
వెర్నా హ్లావాటీ మొగుడికోసం ఒక రాత్రి వచ్చింది. వచ్చేసరికి...
ఆ సంగతి ఆమె ఎత్తదు. పదకొండు అనాల్సివస్తే
"పదీ, ఇంకోటీ" అంటుంది.

దారికడ్డంగా పెట్టిన సిమెంటు దిమ్మెలకే
అభ్యర్థులిద్దరూ బోర్డులు కట్టారు.
డబ్బు వాళ్లే ఆపారని ఇది. కాదు, వాళ్లేనని అది.
"ఏ రాయైతేనేం, పళ్లూడగొట్టుకోవడానికి?"
అని ఓరిన్ బస్సు వెనక్కి తిప్పాడు.

మూడో పెట్టెలో దొరికింది మొదటిది.
పేర్లన్నిటి కింద, ఎవరూ వాడని ఖాళీ గీత మీద
పెన్సిలుతో: వంతెన.
ఐరిస్ నవ్వింది. పక్కన పెట్టాం.
ఐదో పెట్టెలో ఇంకోటి, ఆ తర్వాత వరసగా మూడు.
ఎవరో స్పెల్లింగు తప్పారు.
ఎవరో రాయకుండా రెండు స్తంభాలు గీసి పైన అడ్డగీత పెట్టారు.
ఒకరు "వంతెన, దయచేసి" అన్నారు.
సాయంత్రానికి నలభై ఒకటి.

ఇరవై ఏడుకన్నా పెద్ద అంకె గదిలో అడుగుపెట్టగానే
లాయర్లిద్దరూ కుర్చీల్లోంచి లేచారు.
వంతెన మాట ముందు మా కరపత్రంలోనే వచ్చింది,
కాబట్టి ఓటరు ఉద్దేశం స్పష్టం, అన్నాడు ఒకాయన.
రెండో ఆయన బొమ్మ ఉన్న కాగితం దీపానికెత్తి
అడ్డగీత ఎటు వాలిందో చూస్తున్నాడు.

వాటిలో ఒక చేతిరాత నాకు తెలుసు.
చివరక్షరం తోక చేపల గాలంలా మెలితిరుగుతుంది.
ప్రతి డిసెంబరూ నా పోస్టుపెట్టెలో పడే కార్డుమీద అదే తోక.
నలభై ఏళ్లుగా ఒకే పార్టీ బోర్డు పాతిన పెరడు ఆమెది.
ఆ కాగితాన్ని కట్టలో మధ్యకి తోశాను.
చట్టంలో దానికేమంటారో నేనడగలేదు.

ఇంటికి చుట్టుదారే.
వెర్నా మంచుగట్టిన మెట్లమీద ఉప్పు చల్లుతోంది.
బోర్డు ఇంకా పక్కనే ఉంది.
"ఎవరు గెలిచారు?"
"తేలలేదు."
డబ్బాలో చెయ్యిపెట్టి కాసేపు తియ్యలేదు.
"ఆ కింద గీతమీద... ఎవరైనా ఏమన్నా రాశారా?"
"నలభై ఒక్కరు."
"నలభై ఒక్కరా," అంది.
"నేనొక్కదాన్నే అనుకున్నాను."

నా మెట్లమీద కూడా నాలుగు గుప్పెళ్లు చల్లి
లోపలికి వెళ్లి తలుపేసుకుంది.