కింది గొంతు

ఎర్రగుంట్ల దాటినాక దోవంతా తెలుపు.
నాపరాళ్లు కోసేచోట లేచిన పొడి
బస్సు కిటికీకి, నా కనురెప్పలకి,
ఒళ్లో పెట్టుకున్న పాటల ఫైలుకి.

నలుగురం మేము.
ప్రొద్దుటూరు గుళ్లల్లో ఒకే పేరుతో పిలిచే నలుగురం.
పైగొంతు తబిత, ఆసుపత్రిలో రాత్రి నర్సు.
దాని కింద నేను, బడిలో లెక్కల టీచరు.
జక్కరయ్య లైన్‌మన్, స్తంభం మీద కూడా సాధన చేస్తాడు.
అందరికీ అడుగున దానమన్న.
అతను పాడితే విడిగా వినపడదు,
పాట కింద నేల ఉందని మాత్రం తెలుస్తుంది.

తబలా లేదు, కీబోర్డు లేదు.
పదకొండేళ్లుగా ఉత్త ఊపిరి.
తబిత తాత చేత్తో రాసిన సొల్ఫా నోటుబుక్కు,
చెదలు తిన్నచోట మేమే ఊహించుకొని పాడతాం.
కడప, మైదుకూరు, ఒకసారి బళ్లారి.
"మీరు పాడితే వాక్యం చెప్పే పనే లేదు" అన్నారొక అయ్యగారు.
ఆ మాట మాకు బాగా నచ్చింది.
దానమన్న మాత్రం బస్సులో దోవంతా
కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ యేడే ఉపదేశిగా పోయినాడు,
ఏరు దాటి ఈ క్వారీల పల్లెకి.
రేకుల గుడి, ఇరవైమూడు మంది.
ఒకరి జ్వరానికి ప్రార్థన, ఒకరి పింఛనుకి అర్జీ,
బండ పడి వేళ్లు పోయిన పిల్లోడి వెంట కడప దాకా.
రిహార్సలుకి ఆరు వారాలుగా లేడు.
మేం ముగ్గురం పాడుకుంటాం,
మూడు కోళ్ల మంచం మీద పడుకున్నట్టు.

కర్నూలులో రికార్డింగుకి బయానా కట్టేసినాం.
దానికోసం తబిత చీటీ పాడింది,
మాలో ఎవరూ ఎప్పుడూ పాడనంత నష్టానికి.
"ఇదీ దేవుని పనే గదా" అన్నాడు జక్కరయ్య,
ఎవరూ కాదనకుండానే.
"నువ్వు పోయి పిల్చకరా. నీ మాటైతే ఇంటాడు."

నేను పోయేసరికి ఆరాధన మొదలైంది.
చెప్పులు విడిచేచోటనే కూర్చున్నా.
పాట ఎత్తుకున్నది ఓబులమ్మ,
రాళ్ల పొడి మింగి మింగి గరుకెక్కిన గొంతు,
తాళానికి అరడుగు వెనక.
చరణం చరణానికీ శ్రుతి దిగుతుంది,
చేద బావిలోకి జారినట్టు.
సంఘమంతా ఆమెతో పాటే దిగుతుంది.
దానమన్న?
పదకొండేళ్లు మమ్మల్ని వెంట్రుకవాసి జారనీయని మనిషి
ఆమెకంటే ఒక మెట్టు ముందుగా దిగి
కింద చేతులు చాచి నిలబడినాడు.

నా గొంతు అలవాటుకొద్దీ సరైనచోటే ఆగిపోయింది.
ఆ గుడి మొత్తానికి
తప్పు పాడింది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం సంగటి, చెనక్కాయల ఊరిబిండి.
"వస్తాలే శలోమా. శనివారం ఎన్నిసార్లైనా పాడిచ్చుకోండి,
రాత్రి బస్సుకి మాత్రం ఇడిసిపెట్టల్ల.
ఆదివారం ముసలామె ఎత్తుకుంటాది.
ఆయమ్మ కింద ఎవరో ఒకరు ఉండల్ల గదా."

వచ్చినాడు.
అద్దాల గది, చెవులమీద గిన్నెల్లాంటి బరువు.
రెండో పాటకే మిషను దగ్గరి పిల్లోడు చెయ్యెత్తినాడు.
"కింది గొంతు చివర్లో దిగుతాంది సార్.
ఏం పర్లేదు, నేను ఎత్తేస్తా."
దానమన్న తల దించుకొని సారీ చెప్పినాడు.
నాలుగు పాటలు అట్లా ఎత్తించుకున్నాం.
తెరమీద గీత జరిపితే చాలు,
ఓబులమ్మ జాడ కూడా మిగల్లేదు.

ఐదోదానిలో మేం ముగ్గురం కూడా జారినాం,
అతని వెంట, ఒకరికొకరు చెప్పుకోకుండానే.
పిల్లోడి చెయ్యి మళ్లీ గీత మీదికి పోయింది.
తబిత అడ్డం పడింది.
"ఉండనీ నాయనా. దుడ్డు నాది."

ఇప్పుడది ఫోన్లలో తిరుగుతాంది.
చివరి చరణం కాడ చార్జింగు అయిపోతాందేమో
అనుకున్నాడంట మా హెడ్మాస్టరు.
దానమన్న ఇంకా వినలేదు, ఆ పల్లెలో సిగ్నలు అందదు.
నిన్న జక్కరయ్య కబురు తెచ్చినాడు,
ఓబులమ్మకి ఆయాసం, మంచం దిగడం లేదని.

పాట ఇప్పుడు ఎవరు ఎత్తుకుంటాండారో
నేను అడగలేదు.