తడిగుడ్డ లెక్క

ముహర్రక్‌ల ఉప్పు ఇనుము మీద గూడ మొలుస్తది.
నా కొలువు దాన్ని కడుగుడు.
వారానికి రెండుమాట్ల కంబమెక్కి
పింగాణీ గిన్నెలకు మంచినీళ్లు పోసి
పాత లుంగీతోని తుడుసుడు.

కింద ఇద్రీస్ సారు.
పడవ చెక్కల సందులల్ల నూనె దూది కూరెటోళ్ల కొడుకు,
శీమల ఫిజిక్సు సదివి మళ్ల గీ ఒడ్డుకే ఒచ్చినోడు,
ఓడల రిపేరు షెడ్డుల రేడియో పెట్టినోడు.
నీళ్లు ఎంత పొంగుతయో, గాలి ఎటు మర్లుతదో
చాపలోళ్లకు పొద్దుమాపు చెప్పెటోడు.
పాటల్లెవ్వు. అడ్వటేజులు లెవ్వు.
ఉత్త గాలి ముచ్చట, నీళ్ల ముచ్చట.

తలుపు పక్క రెండు గాజు గొట్టాలు.
ఒకటి ఉత్తది,
ఒకటి తడిగుడ్డ కట్టింది.
ఆ గుడ్డ నా తువ్వాల చింపి ఇచ్చిందే.
"రెండు ఒక్కతీరు చూపిస్తే నన్ను పిలువు నర్సీ" అనెటోడు
వచ్చీరాని హిందీల.
నా పేరు గంగనర్సయ్య. ఆయన నోట్లె అది పట్టలే.

ఆగస్టు రాత్రి.
బనీను పిండితె చెంబెడు.
కాంపుల అందరం మొగులును తిట్టుకుంట పండేటోళ్లం,
సారేమో పెండ్లింట్ల పిల్లగాని లెక్క తిరిగెటోడు.
చాయ్ కెటిల్ మూత తీసి, పెట్టి, చూపెట్టిండు.
సముద్రం మీద గాలి గిట్ల మూతయి కూసుంటదట,
తరంగం మీదికి పోలేక
వంగి వంగి నీళ్లెంబడే ఉరుకుతదట.
"నీ చెమట ఆరని రాత్రే
నీ గొంతు దూరం పోతది."

గొంతు ఎవలిది సారూ, అన్న.
మైకు నా దిక్కు తిప్పిండు.

ఏం మాట్లాడాలె?
ఇరవై ఏండ్లు ఉప్పు కడిగినోనికి ఏం ముచ్చటుంటది?
మా రూముల పండేటోళ్ల పేర్లు సదివిన.
మీది మంచం రాజలింగు, మెట్‌పల్లి.
కింది మంచం అజ్మతుల్లా, కోరుట్ల.
కిటికి పక్కది ఖాళీ. భూమేషు పోయినెల పోయిండు,
డబ్బా ఇంక దుకాణంల్నే ఉన్నది, కాయితాలు కాలే.
గంతే. బటన్ ఒత్తిండు సారు.

నెలకు ఉత్తరమొచ్చింది, నీళ్ల అవుతలి నుంచి,
రస్ అల్ ఖైమా పడవ మీద వంట చేసెటోడు రాసిండు:
ఇన్న. నాది కథలాపూర్.
భూమేషు మా చిన్నమ్మ కొడుకు.
మీరు చెప్పేదాంక నాకు తెల్వది.

చదివి చెప్పిన. సారు చానాసేపు ఏమనలే.
పచ్చ అట్ట పుస్తకం తీసిండు.
తారీఖు రాసిండు. రెండు గొట్టాల అంకెలు రాసిండు.
దూరం రాసిండు, స్కేలు పెట్టి కొలిచి.
చివరి గడిల గొంతు ఎవరిదని ఉంటే
నర్సీ అని రాసి,
దాని కింద ఇంకో పేరు రాసిండు, అరబ్బీల.
భూమేషు అని నాతోనే మూడుమాట్ల పలికిచ్చుకొని.

మొన్న రంజాన్‌ల సారు పోయిండు.
పుస్తకాలు కాలేజోళ్లు కొంచవోయిండ్రు, ముప్పై రెండు.
షెడ్డుకు ఏసీ వెట్టిండ్రు. పిల్లలు మంచోళ్లే.
గొట్టాలు తీసేస్తమంటే ఒద్దన్న.

నిన్న రాత్రి రెండు ఒక్కతీరు చూపిచ్చినయి.
పిలువుమన్నడు గదా.
బయిటికొచ్చి, నీళ్ల దిక్కు తిరిగి,
సారూ, అన్న.
కొంచెం గట్టిగనే.