పోటు

జ్వరం పోయి పది రోజులు.
దగ్గే, వెళ్తూ వెళ్తూ
తలుపు వేయడం మరిచింది.

పొద్దున నీ మెడ నిమిరితే
చర్మం కింద చిటపట,
గడ్డి మీది మంచుపొర విరిగినట్టు.
"గాలి దారి తప్పింది, చాలా అరుదు"
అంది కాస్త్రో ఆస్పత్రి డాక్టరమ్మ.

నలభై ఏళ్లు పడవల సందుల్లో
అలెర్సె నార కూరినవాడివి, ఎవారిస్తో,
నీ చిల్లుకు నీ ఉలి అందలేదు.

పక్కటెముకల మధ్య గొట్టం.
మంచం కింద సీసా.
దగ్గినప్పుడల్లా నీళ్లలో బుడగ.
లెక్కపెడుతూ కూర్చున్నాను,
జపమాల ఇంట్లోనే మరిచాను మరి.

ఎనిమిదో రాత్రి
సీసాలో నీళ్లు కదల్లేదు.
హడలిపోయి నర్సును పిలిచాను.

"మూసుకుందమ్మా" అని నవ్వి
నీ వైపు వంగింది: "పోటు తగ్గిందా?"

కళ్లు తెరవకుండానే అన్నావు:
"ఎక్కడ? ఇవాళ పౌర్ణమి కదా."